ఆరువందల మందిలో ఒకత్తి

మా అక్కకి స్టూడెంట్లు పెట్టిన పేరు రేడియో. ఆ పేరు దాని చెవిన పడకముందే నా చెవిన పడింది. యూనివర్సిటీలో టైంటేబుల్ సెక్షన్‌లో పనిచేస్తాను కాబట్టి ఊళ్ళోని కబుర్లన్నీ ముందు నా కౌంటర్ దగ్గర ఆగి, తర్వాతే ముందుకు కదులుతాయి. ఒకరోజు ఒక కుర్రాడొచ్చి రేడియో క్లాసు ఇవాళ ఉందా అండీ అన్నాడు. ఏ రేడియో నాయనా అన్నాను. నాలిక కరుచుకుని, స్టాటిస్టిక్స్ మేడం అన్నాడు. ఆ పేరెందుకని అడిగితే, ఆవిడ మాట్లాడితే మనకి వినపడుతుంది, మనం మాట్లాడితే ఆవిడకి వినపడదు కదండీ అని వివరించాడు. నేను ఆ మేడం చెల్లెల్నని వాడికి తెలీదు. నేనూ చెప్పలేదు. నవ్వు ఆపుకోవడానికే నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంటికొచ్చి అక్కతో చెప్పాను, అదీ నవ్వుతుందని. నవ్వలేదు. "నిజమేగా" అని ఒక్క ముక్క అని, కూరగాయలు తరుక్కుంటూ కూర్చుంది. చిన్నప్పట్నుంచీ నేను ఒకటంటే పది అప్పజెప్పే మనిషి. అది ఒక్క ముక్కతో ఊరుకునేసరికి నాకు నవ్వు ఎక్కడికక్కడ ఆగిపోయింది.

మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. నేను పెళ్ళి చేసుకోలేదు. అది చేసుకుని విడిపోయింది. ఇద్దరం చివరికి ఒక్క చోటికే చేరాం, దారులే వేరు.

ఆరువందల మందిని ఒకే గదిలో కుక్కిన పాపం నాదేనని అక్క ఎప్పుడూ దెప్పుతుంది. పాపం నాది కాదు. ఏటేటా సీట్లు పెంచుకుంటూ పోయిన పెద్దమనుషులు పై అంతస్తులో కూర్చున్నారు. వాళ్ళు సీట్లు పెంచారు గానీ గదులు పెంచలేదు, పాఠం చెప్పేవాళ్ళని అసలే పెంచలేదు. ఆ లెక్క దొర్లుకుంటూ నా బల్ల మీదకొచ్చేసరికి మిగిలేది ఒక పెద్ద హాలు, ఒక మా అక్క. మొదటి సంవత్సరం వాళ్ళందరికీ, ఏ బ్రాంచి వాళ్ళయినా సరే, స్టాటిస్టిక్స్ తప్పనిసరి. నేనేం చెయ్యను? ఆరువందల పేర్లు ఒక గడిలో పెట్టి, పక్క గడిలో దాని పేరు పెడతాను. పెట్టిన ప్రతిసారీ తిట్టుకుంటూనే పెడతాను.

ఆ హాలు చూస్తే మీకే తెలుస్తుంది. మెట్లు మెట్లుగా పైకి పోతుంది. కింద అడుగున టీచరు బల్ల, కంప్యూటరు, వెనక గోడంత తెర. తెర కనపడాలని ముందు లైట్లు తీసేస్తారు కాబట్టి కింద చీకటి, పైన వెలుతురు. ప్లగ్గు పాయింట్లున్న సీట్ల కోసం కొట్టుకు చస్తారు, ఫోన్లకి ఛార్జింగ్ పెట్టుకోవడానికి. వెనక తలుపు ఒకటుంది. హాజరు పడగానే సగం మంది అందులోంచి జారుకుంటారు. మిగతా సగంలో సగం మంది నిద్ర. ఉన్నవాళ్ళలో మెలకువగా ఉన్నవాళ్ళు ఫోన్లో ఉంటారు. అక్క మాత్రం మైకు పట్టుకుని గంటసేపు గోడకి చెప్పినట్టు చెప్పుకుంటూ పోయేది. మధ్యలో ఒక ప్రశ్న అడిగేది. ఎవరూ పలకరు. రెండు క్షణాలు కూడా ఆగకుండా జవాబు తనే చెప్పేసి, అర్థమైందిగా అని తనే అడిగి, అయ్యే ఉంటుంది అని తనే అనేసి ముందుకెళ్ళిపోయేది.

కొత్తలో అలా ఉండేది కాదు. అప్పుడు క్లాసులో ముప్పై మంది ఉండేవాళ్ళు, కిటికీ ఉన్న చిన్న గది. ఎవరు ఎడమ చేత్తో రాస్తారో, ఎవరికి పదకొండయ్యేసరికి ఆకలేస్తుందో, ఎవరు అర్థం కాకపోయినా తల ఊపుతారో అన్నీ అక్కకి తెలుసు. ఇంటికొచ్చి వాళ్ళని అనుకరిస్తూ మాట్లాడి చూపించేది. ఇప్పటికీ ఎప్పుడన్నా ఆ గది ముందు నుంచి నడిస్తే ఒక్క క్షణం ఆగి లోపలికి తొంగి చూస్తుంది. అది ఇప్పుడు విరిగిన కుర్చీలు పడేసే గది. ఏం చూస్తున్నావే అంటే ఏం లేదంటుంది. దానికి మొహాలు కావాలి. ఈ హాల్లో ఉన్నవి తలలు.

ఇక అసలు సంగతి చెప్పాలి. అక్కకో కూతురుంది.

పిల్లకి నాలుగైదేళ్ళప్పుడు అక్క పిహెచ్‌డి కోసం వేరే ఊరు వెళ్ళింది. పిల్లని మా బావ దగ్గర, దాని నానమ్మ దగ్గర వదిలి, సెలవు దొరికినప్పుడల్లా వచ్చేది. వచ్చిన రెండు రోజుల్లో నెల్లాళ్ళ అమ్మతనం చూపించెయ్యాలని తాపత్రయం. "స్కూలు ఎలా ఉంది? బాగానే ఉందా? బాగుండాలి మరి. లెక్కలు వస్తున్నాయా? వస్తాయిలే, నా కూతురివి" అని ఊపిరాడకుండా మాట్లాడేది. పిల్ల నోరు తెరిచేలోపు ఇంకో ప్రశ్న. నేనక్కడే కూర్చుని చూస్తూ ఉండేదాన్ని, పిల్ల మొహం చిన్నదైపోవడం. చదువు పూర్తయి వచ్చేసరికి అక్కకీ బావకీ మధ్య మాటలు అయిపోయాయి. విడిపోయారు. ఎవరి దగ్గరుంటావని అడిగితే పిల్ల నాన్న పక్కకి వెళ్ళి నిలబడింది. ఆ తర్వాత చూడ్డానికి వెళ్ళినా అంతే, ఫోన్ చేసినా అంతే. పద్నాలుగేళ్ళప్పుడు ఒకసారి పిల్ల చెప్పేసిందట, "నువ్వు అడుగుతావు గానీ ఆగవు" అని. ఆ తర్వాత అక్క ఫోన్ చేస్తే నానమ్మే తీసేది. పిల్ల స్నానానికి వెళ్ళింది, పిల్ల చదువుకుంటోంది, పిల్ల పడుకుంది. ఈ చివరి రెండేళ్ళూ మనిషిని చూడనేలేదు.

మా అక్క చెడ్డది కాదు. దాని నోరు ఆగదు, అంతే. కానీ ఆ నోటి వల్ల పోగొట్టుకున్నది చిన్నదేం కాదు.

ఆ పిల్ల ఈ ఏడు మా యూనివర్సిటీలోనే చేరింది. హాస్టల్లో దిగి, ఒక రోజు నాకు ఫోన్ చేసింది. నాతో ఎప్పుడూ ఫోన్లో మాట్లాడుతూనే ఉంటుంది, మనిషిని చూసి మాత్రం నాకూ రెండేళ్ళు దాటింది, కలుద్దామంటే టర్ము అయ్యాక అంది. నన్ను పిన్నీ అని పిలిస్తే నా కడుపు నిండిపోతుంది, అక్క ముందు ఆ సంగతి చెప్పుకోను. స్టాటిస్టిక్స్ ఎవరు చెబుతారో చూశావా అని అడిగింది. చూశాను, మీ అమ్మే, ఆ పేపరు వచ్చే ఏడుకి మార్చమంటావా అన్నాను. వద్దు పిన్నీ అంది. "కానీ నన్ను వెతకొద్దని చెప్పు. పేరు పెట్టి పిలవొద్దని చెప్పు. ఆరువందల మందిలో ఒకత్తిగా వదిలెయ్యమను."

చెప్పాను. అక్క అలాగే అంది. తర్వాత లేచి వెళ్ళి, ఉతికి మడతపెట్టిన బట్టలే మళ్ళీ విప్పి మడతపెట్టడం మొదలుపెట్టింది.

ఈ ఒక్క టర్మే. తర్వాత పిల్ల బ్రాంచి క్లాసులు వేరే క్యాంపస్‌లో, ఊరికి అవతల. వారానికి మూడు గంటలు అక్కా కూతురూ ఒకే కప్పు కింద ఉండేది ఈ టర్మే. ఆ సంగతి నాకు తెలుసు, టైంటేబుల్ రాసేదాన్ని కదా. అక్కకీ తెలుసు.

మొదటి క్లాసు నుంచి రాగానే అక్క నాతో అంది, పిల్ల ఎక్కడ కూర్చుందో కనిపెట్టేశానని. వెతకొద్దంది కదే అన్నాను. వెతకలేదు, కనపడింది అంది. చివరి వరుసలో, వెనక తలుపు పక్కన, పొడుగు జడ వేసుకున్న అమ్మాయి. మా పిల్ల జడ చిన్నప్పట్నుంచీ అంత పొడుగే, వేసేసరికి చేతులు నొప్పి పుట్టేవి. "మనమంటే ఇష్టం లేనివాళ్ళు చివర్లో కూర్చుంటారే. ఇన్నేళ్ళుగా చూస్తున్నా" అంది. మొహం కనపడిందా అంటే అంత దూరంలో ఎలా కనపడుతుందంది. కళ్ళజోడు మార్చుకోవే అని నేను మొత్తుకోవడం, అది వచ్చే నెల అనడం మా ఇంట్లో పాత పాటే. నేను ఫోన్లో పిల్లని అడిగి చూశాను, ఎక్కడ కూర్చుంటున్నావే అని. హాల్లోనే పిన్నీ అంది. వాళ్ళమ్మ కూతురే.

అప్పట్నుంచి అక్క ఆ చివరి వరుసకి పాఠం చెప్పడం మొదలుపెట్టింది. పెద్ద క్లాసుల్లో టీచర్లందరూ అంతేనట. ఆరువందల మందికి చెప్పడం ఎవరివల్లా కాదు, ఎవరో ఒక మొహాన్ని ఎంచుకుని దానికి చెబుతారు. మామూలుగా ముందు వరుసలో తల ఊపే మొహాన్ని ఎంచుకుంటారు. మా అక్క ఎక్కడో పైన ఉన్న ఒక జడని ఎంచుకుంది. అక్కడిదాకా చేరాలంటే ఎలా చెప్పాలి అని రోజూ అదే గోల. జోకులు వేసి చూసింది, ముందు మూడు వరుసలు నవ్వాయి. ఫోన్లు లోపల పెట్టమంది, కొత్త ఫోన్లు బయటికొచ్చాయి. గొంతు పెంచింది, సాయంత్రానికి గొంతు పోయింది. జడ మాత్రం వంచిన తల ఎత్తలేదట. ఒక్కసారి ఎత్తితే చాలు అనేది.

దారి చూపించింది మైకు. ఒకరోజు ప్రశ్న అడిగి, ఎప్పట్లాగే జవాబు తనే చెప్పబోతుంటే మైకు చచ్చిపోయింది. బ్యాటరీ. ఎంత అరిచినా ఆ హాల్లో ఎవరికీ వినపడదు. సొరుగులో కొత్త బ్యాటరీలు వెతుక్కుని, అవి అటువి ఇటు పెట్టి, మళ్ళీ తీసి సరిగ్గా పెట్టి తల ఎత్తేసరికి హాలంతా ఒకటే గోల. దొరికిందే సందని కబుర్లు చెప్పుకుంటున్నారనుకుని ఒళ్ళు మండిపోయిందట. కోపంగా మెట్లెక్కి ఒక గుంపు దగ్గరికెళ్తే, వాళ్ళు తన ప్రశ్న గురించే కొట్టుకుంటున్నారు. ఒకడు బల్ల మీద వేలితో గీసి చూపిస్తున్నాడు, పక్కవాడు ఒప్పుకోవడం లేదు. పక్క గుంపులోనూ అదే. నిద్రపోయేవాణ్ణి ఎవరో లేపి మరీ నువ్వేమంటావురా అని అడుగుతున్నారు.

ఆ సాయంత్రం అక్క ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కూర్చుంది. తర్వాత, "నేను నోరు మూసుకుంటే వాళ్ళు తెరిచారే" అంది. ఇంకేదో అనబోయి ఆగింది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. క్లాసు గురించి కాదని నాకు తెలుసు.

అక్కణ్ణుంచి పద్ధతి మార్చేసింది. తెర మీద ఒక ప్రశ్న, మూడు జవాబులు. ఒకటా రెండా మూడా, పక్కవాడికి కనపడకుండా వేళ్ళు గుండె దగ్గర పెట్టి చూపించాలి. తర్వాత, నీతో ఒప్పుకోనివాణ్ణి పక్కన వెతుక్కుని వాడితో వాదించాలి. అప్పుడు హాలు సంతలా అయిపోతుంది. ఆ గోలలో అక్క మెట్ల మీద తిరుగుతూ వింటుంది. సగం మెట్లు దాటితే మైకు గరగరలాడుతుంది కాబట్టి అక్కడిదాకానే. కిందకొచ్చి నిలబడి, ఎవరో ఒకరు లేచి చెప్పేదాకా పెదవి విప్పదు. మొదట్లో ఆ ఆగడం దానికి ప్రాణాంతకంగా ఉండేదట. కాళ్ళ వేళ్ళు చెప్పుల్లో బిగించి పట్టుకుని నిలబడేదాన్నే అని చెప్పింది. ఒకరు లేచి చెప్పాక, నీ పక్కనున్నవాళ్ళు ఒప్పుకున్నారా అని అడుగుతుంది. మళ్ళీ ఆగుతుంది.

వెనక తలుపులోంచి జారుకునేవాళ్ళు తగ్గారు. పక్క హాల్లో పాఠం చెప్పే పెద్దాయన మాత్రం మా సెక్షన్‌కొచ్చి గోడలు అదురుతున్నాయని కంప్లయింట్ ఇచ్చాడు. అది చదువా, చేపల బజారా అని నన్నే నిలదీశాడు. ఈ గది ఇచ్చింది నేనే కదా.

అక్క రోజూ ఇంటికొచ్చి చెప్పేది ఒక్కటే వార్త. ఇవాళ జడ తల ఎత్తింది. ఇవాళ పక్కమ్మాయి వైపు తిరిగి మాట్లాడింది. ఇవాళ చేతులు తిప్పుతూ వాదించింది, చిన్నప్పుడూ అలాగే తిప్పేది. నేను వింటూ ఉండేదాన్ని. దాని సంతోషం చూస్తే నాకు ఎక్కడో దిగులుగా ఉండేది. అంత దూరాన్నుంచి మొహం కూడా తెలియని జడని చూసుకుని మురిసిపోతోందే, దగ్గరికెళ్ళి ఒక్క మాట మాట్లాడే యోగం లేకపోయిందే అని. కొన్ని సాయంత్రాలు వరండాలో కూర్చుని, పిల్లకి జడ వేస్తున్నట్టు ఖాళీగా వేళ్ళు తిప్పుకుంటూ ఉండేది. తనకే తెలీదు ఆ పని చేస్తున్నట్టు.

చివరి క్లాసు రోజు పొద్దున్న చెప్పులు వేసుకుంటూ అంది, "ఇవాళ పైదాకా ఎక్కుతా. పలకరించను, మాట తప్పను. దాని పక్కన కాసేపు నిలబడతా, అంతే." ఇంత వయసు మనిషి, ఆరువందల మందికి పాఠం చెప్పే మనిషి, పక్కన నిలబడ్డానికి నా దగ్గర పర్మిషన్ అడుగుతున్నట్టు చూసింది. నిలబడవే, ఎవరు వద్దన్నారు అన్నాను కసురుతూ. కసరకపోతే ఏడ్చేదాన్ని.

ఆ రోజే పక్క హాలు పెద్దాయన మళ్ళీ వచ్చి గొడవ చేశాడు. మా ఆఫీసరు నన్ను వెళ్ళి చూసి రమ్మన్నాడు. నేను వెనక తలుపులోంచి లోపలికెళ్ళి, చప్పుడు కాకుండా చివరి వరుసలో ఖాళీ ఉన్న చోట కూర్చున్నాను. కింద అక్క తెర మీద ప్రశ్న పెట్టింది. ఆ ప్రశ్నకి సరుకు నేనిచ్చిందే. మన యూనివర్సిటీ పుస్తకంలో, సగటున ఒక్కో క్లాసులో నలభై మంది అని అచ్చేశారు. మీరేమో ఆరువందల మందిలో కూర్చున్నారు. అది అబద్ధమా, నిజమా, రెండూ నిజమేనా?

వేళ్ళు చూపించారు. వాదించుకోమంది. హాలు ఒక్కసారిగా లేచింది. నా పక్కనున్న అమ్మాయి నా వైపు తిరిగి, మీరేమంటారు ఆంటీ అని అడిగింది. పొడుగు జడ. గుండ్రటి మొహం, గడ్డం మీద పుట్టుమచ్చ.

అది మా పిల్ల కాదు.

అటూ ఇటూ చూశాను, ఆ వరుసలో ఇంకో జడ ఉందేమోనని. లేదు. వరుస వరుసా దిగుతూ చూశాను. కింద, అక్క ఎప్పుడూ వీపు పెట్టి నిలబడే వైపు, సౌండు బాక్సు వెనక మూలన ఒక చిన్న బెంచీ ఉంది. అక్కణ్ణుంచి తెర ఏటవాలుగా, సగమే కనపడుతుందని అక్కడెవరూ కూర్చోరు. చీకట్లో అక్కడో అమ్మాయి ఒంటరిగా కూర్చుని ఉంది. మెడ దాకా కత్తిరించిన జుట్టు, కళ్ళజోడు. గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న తీరు చూడగానే నాకు తెలిసిపోయింది. ఆ సీట్లోంచి పాఠం కనపడదు. మా అక్క ఒక్కతే కనపడుతుంది.

అప్పటికే అక్క మెట్లెక్కుతోంది. చెయ్యి ఊపాను, చూడలేదు. సగం దాటగానే మైకు గరగరమంది, కట్టేసి చేత్తో పట్టుకుంది. మోకాళ్ళు నొప్పులని ఇంట్లో రెండు మెట్లెక్కడానికి మూలిగే మనిషి, ఆగకుండా ఎక్కేసింది. మొహం మీద ఒక నవ్వు, పెద్దగా కనపడకూడదని బిగపట్టుకున్న నవ్వు. నన్ను చూసి, నువ్వెందుకొచ్చావన్నట్టు కనుబొమలెత్తి, నా పక్కకి చూసింది.

ఆ నవ్వు పోవడం నేను అంత దగ్గర్నుంచి చూడకుండా ఉండాల్సింది.

జడమ్మాయి పాపం సంబరపడిపోయింది. "మేడం, మీరు ఇంత పైకొస్తారనుకోలేదు. నేను మిగతా క్లాసులన్నీ ఎగ్గొడతాను గానీ ఇది మాత్రం మానను మేడం" అంది. ఇంకే రోజైనా ఆ మాట వినుంటే అక్క నెల్లాళ్ళు చెప్పుకుని తిరిగేది. ఇప్పుడు ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, మంచిదమ్మా అన్నట్టు తల ఊపింది. హాలు వైపు తిరిగి నిలబడింది.

మేడం పైన నిలబడిందని ఒక్కొక్కరే వెనక్కి తిరిగి చూశారు. గోల తగ్గింది. తర్వాత పూర్తిగా ఆగిపోయింది. మేడం ఎప్పట్లాగే జవాబు కోసం ఆగిందనుకున్నారు అందరూ. అది ఆగడం కాదని, మాట పడిపోవడమని నాకొక్కదానికే తెలుసు. టర్మంతా ఎవరికి పాఠం చెప్పిందో ఆ మనిషే లేదని తెలిసిన మనిషి నిలబడిన తీరు అది. కూతురు అసలు క్లాసుకే రాలేదని అనుకుని ఉంటుంది. నేను లేచి చెవిలో చెబుదామని సగం లేచాను కూడా.

కింద చీకట్లోంచి ఎవరో లేచి నిలబడ్డ చప్పుడైంది.

"గదుల్ని అడిగితే నలభై అండీ. మనుషుల్ని అడిగితే ఆరువందలు. రెండూ నిజమే" అంది గొంతు. మైకు లేకపోయినా పైదాకా వినపడింది. "ఆరుగురూ ఏడుగురూ ఉండే క్లాసులు బోలెడున్నాయి. అందుకని గదుల లెక్క తక్కువ వస్తుంది. కానీ ఆ గదుల్లో ఉన్నవాళ్ళు కొద్దిమందే, వాళ్ళ మాట మనదాకా రాదు. ఎక్కువమంది ఇలాంటి హాల్లోనే ఉంటారు."

అక్క బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. నానమ్మ ఫోన్ తీసినప్పుడు వెనకాల్నుంచి వినపడే ఆ గొంతుని అది ఇన్నేళ్ళూ చెవులు రిక్కించి విన్నది. చీకట్లో మనిషి కనపడకపోయినా గొంతు ఎవరిదో దానికి వేరే చెప్పాలా? ఏదో ఒకటి అనేస్తుందని నేను భయపడ్డాను. పేరు పెట్టి పిలిచేస్తుందని, పరిగెత్తుతుందని. అనలేదు. అందరినీ అడిగే మాటే అడిగింది.

"నీ పక్కనున్నవాళ్ళు ఒప్పుకున్నారా?"

కింద్నుంచి వెంటనే జవాబు రాలేదు. అక్క ఆగింది. నిజంగా ఆగింది. ఆ హాలంతా దాంతో పాటు ఆగింది.

"నా పక్కన ఎవరూ లేరు మేడం" అంది పిల్ల. "మొదట్నుంచీ ఎవరూ లేరు."

ఎవరో నవ్వారు. అక్కకి నవ్వు రాలేదు. "మిగతావాళ్ళు ఇంకోసారి మాట్లాడుకోండి" అని హాలుకి చెప్పి, కింద వైపు చూస్తూ, "ఉండు, వస్తున్నా" అంది.

హాలు మళ్ళీ సంతైపోయింది. అక్క ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది. ఎంతసేపు దిగిందో, నాకైతే ఆ మెట్లు అయ్యేలా లేవు. ఎక్కడ లేచి వెళ్ళిపోతుందోనని నేను పిల్లనే చూస్తూ కూర్చున్నాను. వెళ్ళలేదు. బెంచీ మీదున్న బ్యాగు తీసి కింద పెట్టింది. అక్క తన బల్ల దాటి, సౌండు బాక్సు వెనక్కి వెళ్ళి, ఆ ఖాళీలో కూర్చుంది. మేడం కూర్చుందని ముందు వరుసలవాళ్ళు ఒకసారి చూసి, మళ్ళీ వాదనలో పడిపోయారు.

ఆరువందల మంది గోలలో వాళ్ళిద్దరి మాటలు అంత పైదాకా నాకెలా వినపడతాయి? పిల్ల అమ్మా అందో, మేడం అనే అందో నాకు తెలీదు. తర్వాత నేను అక్కని అడగనూ లేదు. అక్కణ్ణుంచి చూస్తే చీకట్లో రెండు మొహాలు, ఒకదానికొకటి ఎదురుగా. పిల్ల ముందు నేల చూస్తూ మాట్లాడింది. తర్వాత చేతులు తిప్పుతూ, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మాట్లాడింది. గంట కొట్టినా, పిల్లలు లేచి బెంచీలు దడదడలాడిస్తూ వెళ్ళిపోతున్నా నేను చూస్తూనే ఉన్నాను. అక్క నోరు ఒక్కసారి కూడా కదల్లేదు. పిల్ల మాట్లాడుతూనే ఉంది.